ఇప్పలగడ్డకు పోయిన రొట్టెల మూట

శనివారం పొద్దున ఇస్రాయేలు పడవలో ఇప్పలగడ్డకు పోయినవాళ్లు తొమ్మిదిమంది. సాయంత్రం అదే పడవలో తిరిగివచ్చినవాళ్లు ఎనిమిదిమంది. రాని మనిషి పేరు రఘుపతి.

అతని చొక్కా, చెప్పులు దీవి రేవులో నీటి అంచున దొరికాయి. మనిషి దొరకలేదు. భుజాన వేసుకుపోయిన పెద్ద నల్ల సంచీ కూడా దొరకలేదు. పడవ ఎక్కేటప్పుడు ఆ సంచీ గురించే రఘుపతికీ ఇస్రాయేలుకూ మాటామాటా పెరిగిందని మిగతా ఎనిమిదిమందీ చెప్పారు. సంచీలో కెమెరా ఉంది, దాని కోసం పడవవాడు మనిషిని నీళ్లలో ముంచాడు అని సి.ఐ. అమరేందర్ తేల్చుకున్నాడు. ఆదివారం రాత్రి ఇస్రాయేలును అరెస్టు చేశాడు. సోమవారం సాయంత్రంలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

సోమవారం పొద్దున ఇస్రాయేలు భార్య సాలమ్మ పాలమూరు నుంచి డిటెక్టివ్ సుచరితను వెంటబెట్టుకుని కృష్ణ ఒడ్డున ఉన్న అతిథిగృహానికి వచ్చింది. రఘుపతి తల్లి, భార్య రెండు రోజులుగా అక్కడే ఉన్నారు.

సాలమ్మ గడప దాటలేదు. బయట అరుగు మీద కూర్చుంది. సుచరిత లోపలికి వెళ్లి చాప మీద రఘుపతి భార్య హరిత ఎదురుగా కూర్చుంది.

"మీరు పోలీసా?" హరిత అడిగింది.

"కాదమ్మా. ప్రైవేటు డిటెక్టివ్‌ను. సాలమ్మ తరఫున వచ్చిన."

హరిత బయటికి చూడబోయి మానుకుంది.

"మీ ఆయన షాద్‌నగర్ నుంచి ఒక్కడే వచ్చిండా?"

"ఒక్కడే. పిట్టల ఫోటోలు తీసుడంటే ఇష్టం. గీ దీవి సప్పుడు లేకుండ ఉంటదని ఎవరో చెప్పిండ్రట. పొద్దున పోయి సాయంత్రం వస్తనన్నడు."

"ఈత వచ్చా?"

హరిత జవాబు చెప్పేలోగా గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె అత్త గోవిందమ్మ అందుకుంది. "చేప తీర్గ ఈదుతుండె బిడ్డా నా కొడుకు. గందుకే నాకు సమజైతలేదు."

"సంచిల ఏమేమున్నయి?"

"కెమెరా. తువ్వాల. నీళ్ల బాటిలు." హరిత నేల చూస్తూ చెప్పింది.

"తినెటందుకు?"

"రెండు రొట్టెలు."

"రెండా?" గోవిందమ్మ తలెత్తింది. "రెండు దినాలు పొయ్యి ముంగట్నే ఉంటివి గదనే. కడక్ రొట్టెలు ఒత్తి ఒత్తి వేళ్లు బొబ్బలెక్కిచ్చుకుంటివి. ఎవరు యాత్రకు పోతున్నరే అని నేనడిగితే నవ్వితివి."

"అవి ఇంట్లకు చేసిన అత్తమ్మా."

"ఇంట్ల మిగిలినయి గివే." గోవిందమ్మ పక్కనున్న గుడ్డ మూట విప్పింది. అప్పడాల్లా పలచగా, నువ్వులు అద్దిన జొన్నరొట్టెలు. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పూడుకుపోయి ఉంది. అయినా ఒక రొట్టె తీసి సుచరిత చేతిలో పెట్టింది. "తిను బిడ్డా. పొద్దుగాల ఎప్పుడు బయల్దేరినవో ఏమో."

అప్పుడే ఛాయ్ గ్లాసులతో ఒక మనిషి లోపలికి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. లేత నీలం చొక్కా, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గీయన విజేందర్," అంది గోవిందమ్మ. "పెండ్లికి ముందు షాద్‌నగర్ల నా కొడుకుతోటి ఒకటే రూంల ఉన్నడట. టీవీల చూసి ఉరికొచ్చిండు. నిన్నటి సంది అందరికి నీళ్లు, ఛాయ్ గీయనే అందిస్తున్నడు. దేవుడు పంపినట్టే వచ్చిండు."

"గంత మాట ఎందుకమ్మా," అంటూ విజేందర్ గ్లాసులు కింద పెట్టాడు. మూటలోంచి ఒక రొట్టె తీసుకున్నాడు. అది ఫట్‌మని విరిగింది. "ఎన్నేండ్లాయె గీ రొట్టె తిని. మాది మక్తల్ దిక్కు. మా బాపు బొంబాయి పనికి పోయేటప్పుడు మా అమ్మ గివే మూట కట్టిచ్చేది."

నవ్వుతూ అన్నవాడు ఆగాడు. ముక్క గొంతులో పట్టినట్టు గుటక వేశాడు. మిగిలిన సగం రొట్టెను చొక్కా జేబులో పెట్టుకుని, నీళ్లలో వెతుకుతున్న ఈతగాళ్లకు నీళ్ల బాటిళ్లు చూడాలంటూ బయటికి వెళ్లిపోయాడు.

సుచరిత హరిత చేతుల వైపు చూసింది. కుడిచేతి నాలుగు వేళ్ల కొసలూ ఎర్రగా కమిలి ఉన్నాయి.

"మీ ఆయన అంటే పడనోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు."

ప్రశ్న పూర్తి కాకముందే వచ్చిన జవాబు అది. సుచరిత లేచింది. ఆమె గడప దాటుతుంటే సాలమ్మ అరుగు మీద నుంచే లోపలికి తొంగి చూసి మాట్లాడింది.

"అమ్మా, నీ పెనిమిటి పానంతోటి దొరకాలని నిన్న గుడిల ప్రార్థన చేయించిన. మా ఆయనది నోరు పెడసరమే. కాదనను. గని చెయ్యి అసువంటిది కాదమ్మా. గదొక్కటి నువ్వు సార్‌కు చెప్పినా చాలు."

హరిత రొట్టెల మూటను దగ్గరికి లాక్కుని, విప్పిన ముడిని మళ్లీ వేసింది. వేసిన ముడిమీదే ఇంకొక ముడి వేసింది.

*

ఇప్పలగడ్డ ఒకప్పుడు గుట్ట. డ్యాం కట్టాక చుట్టూ నీళ్లు చేరి దీవి అయింది. ఊరు లేదు, కొట్టు లేదు. హైదరాబాద్ నుంచి తెల్లవారి కార్లో బయల్దేరినవాళ్లు అన్నాల వేళకు చేరి, చెట్ల కింద సద్దులు విప్పుకుని తిని, సాయంత్రానికి తిరిగిపోతారు. రాత్రి అక్కడ ఎవరూ ఉండరు.

సోమన్న అనే జాలరి సుచరితను పుట్టిలో దాటించాడు. "మేడం, జర కదలకుండ కూసోండ్రి. పుట్టి గిర్రున తిరిగిందంటే డిటెక్టివులకు గూడ కండ్లు తిరుగుతయి," అని నవ్వి, నడినీళ్లలోకి వచ్చాక నవ్వు ఆపి అన్నాడు. "ఇస్రాయేలు మంచోడు మేడం. పడవెక్కిన మనిషిని దించిందాక తాను బుక్కెడు అన్నం ముట్టడు."

"మరి ఒక మనిషి తక్కువున్నడని సాయంత్రం పడవ తీసేటప్పుడు చూసుకోలేదా?"

"చూసుకున్నడు. పొద్దు గూకేదాంక కూతలేసిండు. అడవిల తిరిగిండు. చీకటి పడుతుంటే పడవల ఉన్న ఆడోళ్లు, పిల్లలు ఏడ్వబట్టిరి. వాళ్లను దించి, తానే ఠాణాకు పోయి చెప్పిండు. చెప్పినోన్నే పట్టుకున్నరు."

రేవులో పోలీసు లాంచీ ఆగి ఉంది. సి.ఐ. అమరేందర్ ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సుచరితను చూసి లేవలేదు గానీ, కాళ్లు మాత్రం దగ్గరికి తీసుకున్నాడు.

"రాండ్రి డిటెక్టివ్ మేడం. మీరొస్తరని నాకెరికే. ఛాయ్ పోపిద్దామంటే ఈడ పొయ్యి లేదు."

"ఛాయ్ తాగే వచ్చిన సార్. చొక్కా యాడ దొరికింది?"

ఆయన గడ్డంతో చూపించాడు. నీటికి మూరెడు దూరంలో ఒక చదును బండ. దాని మీద ముగ్గుపిండితో గీత గీసి ఉంది. కానిస్టేబుల్ ఫోన్లో ఫోటో చూపించాడు. నాలుగు మడతలు పెట్టిన చొక్కా, దానిమీద గాలికి పోకుండా రాయి. పక్కన జత చెప్పులు, నీళ్ల వైపు మొహం పెట్టి.

సుచరిత ఫోటోను పెద్దది చేసి చెప్పుల మీద ఆపింది. తర్వాత తన కాళ్ల వైపు చూసుకుంది. పుట్టి దిగి నాలుగడుగులు వేసేసరికి మడమల దాకా నల్ల బురద అంటింది.

"చెప్పులకు బురద లేదు సార్."

"కడుక్కున్నడు."

"నీళ్లల్ల దిగేటోడు చెప్పులు విడిచి దిగుతడు. కడిగి, తుడిచి, జత చేసి పెట్టి దిగుతడా?"

"శుభ్రం ఎక్కువేమో. మా ఇంట్ల గూడ ఉన్నది ఒకామె. చెప్పులు కడిగినంకనే కాళ్లు కడుగుతది."

కానిస్టేబుల్ నవ్వాపుకున్నాడు. సుచరిత కూడా కొంచెం నవ్వింది.

"సరే. ఇస్రాయేలు ముంచిండంటున్నరు. చూసినోళ్లున్నరా?"

"మిగిలినోళ్లంత పైన నీడల అన్నం తింటున్నరు. రేవుల ఉన్నది వీళ్లిద్దరే. గిదే గద నా మాట."

"ముంచినోడు సంచి తీసుకున్నడు. తీసుకొని యాడ పెట్టిండు? అందరు చూస్తుండంగ ఒట్టి చేతులతోటి పడవ నడిపిండు గద."

"ఈడనే నీళ్లల్ల రాళ్ల సందున దాసిండు. తర్వాత వచ్చి తీసుకుందామని. సాయంత్రం వరకు వాని నోటితోటే చెప్పిస్త."

"నీళ్లల్ల దాస్తే కెమెరా పనికొస్తదా సార్?"

అమరేందర్ మొహంలో నవ్వు పోయింది. కుర్చీలోంచి లేచాడు.

"మేడం, నేను పద్దెనిమిదేండ్లయింది గీ కొలువుల చేరి. రెండు దినాల సంది నిద్ర లేదు. మీరు పుట్టిల షికారు లెక్క వచ్చి ప్రశ్నలేస్తే నేను జవాబు చెప్పాలెనా?"

"చెప్పకుంటే మానె. ఒక్కటే అడుగుత. నీళ్లన్ని జల్లెడ పడుతున్నరు. అడవిల ఎందుకు దేవులాడలేదు?"

"సచ్చినోడు అడవిల ఎందుకుంటడు మేడం?"

సుచరిత ఫోన్ కానిస్టేబుల్‌కు ఇచ్చేసింది. "సార్, మీది ఏ ఊరు?"

"జగిత్యాల దగ్గర. ఎందుకు?"

"ఊకెనే."

"ఊకెనే అడిగేటోళ్ల తీర్గ లేరు మీరు," అన్నాడాయన అనుమానంగా. లాంచీ వైపు నడుస్తూ మళ్లీ తిరిగాడు. "ఏమన్న దొరికిందంటే మొదలు నాకు చెప్పాలె. పేపరోళ్లకు కాదు."

"మీకే చెప్త."

లాంచీ అవతలి ఒడ్డుకు పోయింది. ఇంజన్ చప్పుడు తగ్గాక దీవి మీద గాలి, ఎక్కడో నెమలి కూత తప్ప ఏమీ వినిపించలేదు. సోమన్న పుట్టిలోనే తలకింద తెడ్డు పెట్టుకుని పడుకున్నాడు.

సుచరిత గోవిందమ్మ ఇచ్చిన రొట్టెను చేతిసంచీలోంచి తీసింది.

జగిత్యాల మనిషికి ఇది ఒట్టి రొట్టె. నారాయణపేట, మక్తల్ వైపు ఇళ్లల్లో అలా కాదు. ఆ పూటకు తినేది మెత్తటి రొట్టె. పొద్దున పనికిపోయే మగవాడి సద్దిలోకి కూడా అదే. కడక్ రొట్టె వేరు. సన్నగా కొట్టి, పెనం మీద గుడ్డతో ఒత్తుతూ తడి అంతా పోయేదాకా కాల్చి, ఆరబెట్టి దాచేది. నెల గడిచినా చెడదు. పొయ్యి అక్కర్లేదు, పొగ రాదు. పుణె, బొంబాయి పనులకు వలసపోయేవాళ్లకు ఇంటి ఆడవాళ్లు రెండు రోజులు కూర్చుని చేసి మూటకట్టేది దాన్నే. సాయంత్రానికి ఇంటికి వచ్చే మొగుడి కోసం వేళ్లు కాల్చుకుని ఎవరూ మూటెడు కడక్ రొట్టెలు చేయరు.

హరిత అబద్ధం ఆడటానికి సిద్ధపడింది. కెమెరా అని చెప్పింది, రెండు రొట్టెలని చెప్పింది. కానీ కొన్ని రోజులు పోయే మనిషికి వేరే తిండి కట్టడం ఆమెకు తట్టలేదు. ఆ వైపు పుట్టింట్లో చూసినట్టే చేసి ఉండాలి.

సంచీ బరువు కెమెరాది కాదు. సంచీ నీళ్లలోనూ లేదు. అది ఎక్కడుంటే మనిషీ అక్కడే ఉంటాడు. పొడిగా ఉండి, రేవు కనిపించే చోటు అయి ఉండాలి.

ఆమె గుట్ట మీదికి నడిచింది.

*

పైన ఇప్పచెట్ల మధ్య అటవీశాఖ వాళ్లు ఎప్పుడో వదిలేసిన కాపలా గది ఒకటి ఉంది. కప్పు సగమే మిగిలింది. గుమ్మం ముందు బండ మీద చీమలు బారు కట్టాయి. ఒక్కొక్కటీ తెల్లటి నలుసు మోసుకుపోతోంది. సుచరిత వంగి చూసింది. నువ్వు గింజ.

ఆమె గదిలోకి వెళ్లలేదు. బండ మీద కూర్చుని, మామూలు గొంతుతో మాట్లాడింది.

"రఘుపతిగారూ, పడవ నడిపే ఇస్రాయేలును పోలీసులు పట్టుకపోయిండ్రు. మిమ్మల్ని చంపిండని."

లోపల ఎండుటాకులు కదిలాయి. బనియన్ మీద తువ్వాలు కప్పుకున్న మనిషి గుమ్మంలోకి వచ్చాడు. గడ్డం మాసి ఉంది.

"ఎవరు మీరు?"

"సుచరిత. ఇస్రాయేలు భార్య పిలిస్తే వచ్చిన."

"చంపుడేంది? నేను ఈతకు పోయి మునిగిన్ననుకుంటరనే గద చొక్కా అట్ల పెట్టింది."

"సంచి దొరకలేదు. ఆ సంచి కోసం మీరు ఆయనతోటి కొట్లాడుడు అందరు చూసిండ్రు."

"బరువున్నది, ఒడ్డున పెట్టి రమ్మన్నడు. నా నాలుగు దినాల తిండి అండ్లనే ఉండె. భయానికి అరిచిన గంతే. కొట్టిండ్రా ఆయనను?"

"తెల్వదు. సాయంత్రం లోపల కోర్టుకు తీసుకపోతరు. మీరెందుకు సచ్చిపోయిండ్రో ముందు చెప్పండ్రి."

అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. షాద్‌నగర్ పక్క ఒక మందుల కంపెనీలో అతను షిఫ్టు సూపర్‌వైజరు. పోయిన ఏడాది ట్యాంకు కడగడానికి దింపిన ఇద్దరు కూలీలు విషపు గాలికి చనిపోయారు. కంపెనీవాళ్లు వాళ్లను రోడ్డు పక్కన పడేసి, లారీ గుద్దిందని రాయించారు. ట్యాంకులోంచి ఆ ఇద్దరినీ పైకి లాగిన చేతులు రఘుపతివి.

"ఎల్లుండి కోర్టుల నా సాక్ష్యం. మిగిలినోళ్లందరు మాట మార్చిండ్రు. పోయిన నెల నా బండిని ఒక కారు వెనుకనుంచి గుద్దింది. హరిత గప్పుడే అన్నది. సాక్ష్యం దినం దాంక సచ్చినోని తీర్గ ఉంటే ఎవ్వడు వెతకడు అని. రేపు రాత్రి మా బావమరిది పుట్టి తెస్తడు. సక్కగ కోర్టుకే పోవాలని అనుకున్నం."

"మీ అమ్మకు చెప్పలేదు."

"చెప్తే అమ్మ ఏడ్వదు. ఏడ్వకుంటే ఎవ్వరు నమ్మరు." ఆ మాట అన్నాక అతను తల తిప్పుకున్నాడు.

"సచ్చిన ఇద్దరు కూలోళ్ల కోసం ఎల్లుండి మీరున్నరు. ఈయాల సాయంత్రం ఇస్రాయేలు కోసం ఎవరున్నరు?"

రఘుపతి లేచి లోపలికి పోయి, ఎరుపు అంచు నారాయణపేట గుడ్డలో కట్టిన రొట్టెల మూటను సంచీలోకి తోసి, దాన్ని భుజాన వేసుకున్నాడు.

"పోదాం పాండ్రి."

గుమ్మం దిగుతూ అడిగాడు. "హరిత చెప్పిందా నేనీడ ఉన్న అని?"

"లేదు. రెండు దినాలు కడక్ రొట్టెలు చేసిందని మీ అమ్మ అన్నది. ఆమెకు అనుమానం రాలేదు. నాకు వచ్చింది."

అతను నిలబడిపోయాడు. "ఎవరి ముంగట అన్నది?"

"నా ముందర. హరిత ఉన్నది. అప్పుడే మీ దోస్తు విజేందర్ ఛాయ్ తెచ్చిండు."

"విజేందరెవరు?"

"పెండ్లికి ముందు షాద్‌నగర్ల మీతోటి రూంల ఉన్నడట గద."

"నేను ఆ రూంల మొదటి సంది ఒక్కన్నే ఉన్న మేడం. నాకు విజేందర్ అనే దోస్తు లేడు."

సుచరితకు అతిథిగృహంలో ఆ మనిషి నవ్వు మధ్యలో ఆగిపోవడం కళ్లముందు మెదిలింది. మక్తల్ దిక్కు. బాపు బొంబాయి పోయేటప్పుడు అమ్మ కట్టిచ్చేది. రొట్టె గొంతులో పట్టలేదు. తనకు రేవులో అర్థమైంది కంపెనీ పంపిన ఆ మనిషికి అక్కడే, ఆ చాప పక్కనే అర్థమైంది.

కింద లాంచీ ఇంజన్ చప్పుడు వినిపించి, ఆగింది.

చెట్ల సందులోంచి ఇద్దరూ చూశారు. అమరేందర్ ఒడ్డున దిగి, వెంట తెచ్చిన ఈతగాళ్లతో మాట్లాడుతున్నాడు. ఆయన వెనుక లేత నీలం చొక్కా మనిషి నీళ్ల బాటిళ్ల పెట్టె దించుతున్నాడు. అందరూ నీళ్ల వైపు చూస్తున్నారు. అతనొక్కడే గుట్ట వైపు చూశాడు.

"దాసుకునే జాగ ఇగ లేదు," అంది సుచరిత. "సి.ఐ. ముంగట్నే దిగుదాం. అంతమంది చూస్తుండంగ ఎవ్వరు ఏం చెయ్యరు. నా వెనుకనే రాండ్రి."

కాలిబాట రెండు మలుపులు తిరిగి రేవుకు చేరుతుంది. మొదటి మలుపు దగ్గర తుప్పలు అడ్డం వచ్చి రేవు కనిపించకుండా పోయింది. రెండో మలుపు దగ్గర మళ్లీ కనిపించింది. అమరేందర్ కుర్చీలో కూర్చున్నాడు. కానిస్టేబుల్ పక్కనే ఉన్నాడు. నీళ్ల బాటిళ్ల పెట్టె మూత తెరిచి చదును బండ మీద ఉంది.

నీలం చొక్కా లేదు.

సుచరిత చెయ్యి చాచి రఘుపతిని ఆపింది. గాలి కూడా నిలిచింది. పక్కనున్న ఇప్పచెట్టు వెనుక, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, ఫట్‌మని చిన్న చప్పుడైంది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు కాదు. ఇద్దరికీ బాగా తెలిసిన చప్పుడు.

విజేందర్ నములుతూనే చెట్టు చాటు నుంచి బాట మీదికి వచ్చాడు. రేవుకూ వాళ్లకూ మధ్య నిలబడ్డాడు.

"రఘన్నా," అన్నాడు మెత్తగా, ఎన్నాళ్ల నుంచో ఎరిగినవాడిలా. "మూడు దినాల సంది ఉత్త రొట్టె తింటున్నవు. గొంతు పట్టుకుంటది. నీళ్లు తాగు."

అతను చాచిన బాటిల్ నిండుగా ఉంది. మూత సీలు మాత్రం అప్పటికే ఎవరో తెంపారు.